మొదటి ఉపాయం దండమా?



సామ దాన భేద దండములనే నాలుగు ఉపాయాల వరుసను ముప్పయ్యేళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను. దండం చివరిదని తెలియని విద్యార్థి నా తరగతిలో లేడు. మన రక్షకభటులకు మాత్రం ఆ పాఠం ఎవరూ చెప్పినట్లు లేదు.

2019లో నా పూర్వవిద్యార్థి ఒకడు మతి చెదిరి ఊరి నీళ్ళట్యాంకు ఎక్కాడు. కింద జనం ఈలలు. "దిగుతావా, దింపమంటావా?" అని అధికారి మైకులో గద్దించారు. వాడు ఇంకో రెండు మెట్లు పైకెక్కాడు. చివరకు రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక హెడ్ కానిస్టేబుల్ "నాయనా, అన్నం తిన్నావా?" అని అడిగాడు. అలా అరగంట మాట్లాడుతూనే కూర్చున్నాడు. వాడు దిగివచ్చాడు. ఆ రాత్రి వాణ్ణి లాకప్పులో పెట్టారు!

ఇది అవివేకమే కాదు, చట్టవిరుద్ధం కూడా. మానసిక వ్యాధివల్ల తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం కాగలడని తోచిన మనిషిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకోవాలనీ, 24 గంటలు మించకుండా ప్రభుత్వ వైద్యాలయానికి చేర్చాలనీ, లాకప్పులో ఎట్టి పరిస్థితిలోనూ ఉంచరాదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షను శాసిస్తున్నది. చట్టం వ్రాసింది "రక్షణ" అని. మనవారు చదువుకున్నది "నిర్బంధం" అని.

"పోలీసులేమైనా వైద్యులా?" అంటారు. వైద్యం చేయమని ఎవరడిగారు? అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1987లో మానసిక వ్యాధిగ్రస్తుడైన ఒక యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. మరుసటి ఏడే ఆ నగరం వైద్య నిపుణులనూ, రోగుల కుటుంబాలనూ కలుపుకొని పోలీసులకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. గొంతు తగ్గించడం, తొందరపడకపోవడం, వినడం, ఆపైన ఆసుపత్రికి చేర్చడం దాని సారం. నిడివి 40 గంటలు. అంటే బడి లెక్కన ఒక్క వారం! కవాతుకు నెలల తరబడి దొరికే తీరిక దీనికి దొరకదా?

"కత్తి దూసినవాడితో మాటలేమిటి?" అని మరొక ఆక్షేపణ. దండం వద్దని నేననలేదు. అది నాలుగవదని మాత్రమే అంటున్నాను.

ఆ హెడ్ కానిస్టేబుల్ మరుసటి ఏడు పదవీ విరమణ చేశాడు. ఆయన విద్య ఆయనతోనే ఇంటికి వెళ్ళిపోయింది. ఆయన దగ్గర నేర్చుకొమ్మని ఒక్క కుర్ర కానిస్టేబునైనా ఎవరూ పంపలేదు. పంతులుగా నేను క్షమించలేనిది అదే.

తా.క.: మీ ఇంట ఎవరికైనా మనసు కుదుట తప్పితే ప్రభుత్వంవారి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి.