గట్టు వేసిందెవరు? పేరు ఎవరిది?

మొన్న సెలవుల్లో మేము కొందరు బడిపంతుళ్లం, సంఘం కార్యకర్తలం కలిసి పాత తిరువాన్కూరు సంస్థానం చూసొచ్చాం. రాజమహలు చూశాం, గుళ్లు చూశాం, నీళ్ల మధ్య పొలాలు చూశాం. అన్నిచోట్లా రాజుల పేర్లే. అందుకే ఈ నాలుగు మాటలు.

పద్మనాభపురం మహలు ఇప్పుడు తమిళనాడులో ఉంది, అజమాయిషీ కేరళ ప్రభుత్వానిది. బ్రాహ్మలకు ఉచితంగా అన్నం పెట్టిన పొడవాటి భోజనశాల చూపించి రాజుగారి దానగుణం పొగిడారు. ఆ వడ్లు పండించిందెవరయ్యా అంటే జవాబు లేదు! ఆ సంస్థానంలో 1855 దాకా పులయలను గొడ్లలాగా అమ్మారు, కొన్నారు. పులయలంటే మన మాల మాదిగల్లాంటి వాళ్లే.

వైకం పోయాం. 1936లో రాజు దయతలచి గుడి తలుపులు తెరిచాడట! మరి గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడవడానికే 1924 మార్చి నుంచి 20 నెలలు సత్యాగ్రహం ఎందుకు చెయ్యాల్సొచ్చింది? పెరియార్ జైలుకెందుకు పోయాడు? అంతా అయ్యాక తెరిచింది మూడు పక్కల రోడ్లే. తూర్పు రోడ్డు పైకులాలకే ఉంచుకున్నారు. 1935లో బాబాసాహెబ్ హిందువుగా చావనన్నాడు. తిరువాన్కూరులో ఈళవలు మతం మారతామని కదిలారు. అప్పుడు పుట్టింది రాజుకి దయ!

ఇక కుట్టనాడు. సముద్రమట్టం కన్నా లోతున వరి పండే నేల. వేంబనాడు సరస్సులో మునిగి బురద తీసి గట్లు వేసింది పులయలు. తొలిరోజుల్లో చక్రాలు కాళ్లతో తొక్కి నీళ్లు తోడింది పులయలు. 1940ల్లో తేల్చిన పొలాలకు పేర్లు మాత్రం చిత్తిర, మార్తాండం, రాణి. అన్నీ రాజకుటుంబం పేర్లే! 1970 భూసంస్కరణల్లో పొలం కౌలుదార్లకు పోయింది. పాకలో ఉన్న కూలివాడికి పల్లెల్లో మించితే పది సెంట్ల ఇంటిజాగా. 2002లో ఆ చిత్తడినేల రామ్‌సర్ జాబితాకెక్కింది. గట్టు వేసినవాళ్లు ఏ జాబితాకీ ఎక్కలేదు.

మేము తెచ్చుకున్నది ఒక్క పేరు, అయ్యంకాళి. 1893లో పులయలు నడవకూడని దారిలో ఎడ్లబండి తోలాడు. మా పిల్లల్ని బళ్లో చేర్చుకునేదాకా పొలంలో దిగమని కూలీలను నిలబెట్టాడు. ఆయనకి అక్షరం రాదు. ఆ కథ వింటుంటే, బడి వసారాలో విడిగా కూర్చుని పలక దిద్దిన మా చిన్నతనం గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ మాదే. అది ఏ రాజూ ఇచ్చింది కాదు.

అన్నలారా, అక్కలారా! మీ ఊరి చెరువుగట్టు తవ్విందెవరో, కోటకి రాళ్లు మోసిందెవరో పెద్దోళ్లు ఉండగానే అడగండి. పేర్లు రాయండి. బళ్లో పిల్లలకు చెప్పండి. ఆ పేర్లు పట్టుకునే భూమి అడుగుదాం.

జై భీమ్!