బొమ్మ నిజమే, కింద రాతే అబద్ధం

మా సీతంపేట సంతలో అనాస పండు కొనాలంటే వాసన చూస్తాం, నొక్కి చూస్తాం, ఏ ఊరి పండని అడుగుతాం. పండుకే ఇంత పరీక్ష పెట్టే మనం, ఫోన్లో యుద్ధం ఫోటో రాగానే ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా పదిమందికీ పంపేస్తున్నాం. మా శ్రీకాకుళం వైపు మిలట్రీలో కొడుకులున్న తల్లులు ఎందరో. మంటల బొమ్మ ఒకటి అలాంటి తల్లి ఫోన్లో పడితే ఆ పూట ఆమెకి ముద్ద దిగుతుందా?

2025 మే నెలలో పాకిస్తాన్‌తో పోరు జరిగిన రోజుల్లో ఇదే తంతు. పాకిస్తాన్ క్షిపణి మనమీద పడిందంటూ తిరిగిన పేలుడు దృశ్యం, 2020లో లెబనాన్‌లోని బీరూట్ రేవులో జరిగిన ప్రమాదానిది. మన నేవీ కరాచీ రేవుని తగలబెట్టిందంటూ తిరిగింది, 2025 జనవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విమానం కూలినప్పటిది. భయపెట్టినదాన్నీ నమ్మాం, సంతోషపెట్టినదాన్నీ నమ్మాం. రెండు చోట్లా దృశ్యం నిజమే, పక్కన రాసిన మాటే అబద్ధం.

ఇది ఫోన్లతో వచ్చిన జబ్బు కూడా కాదండీ. లక్నోలో సికందర్ బాగ్ పోరు జరిగింది 1857 నవంబరులో. ఫెలీస్ బియాటో అక్కడ ఫోటో తీసింది మాత్రం 1858లో. అందులో కనిపించే ఎముకలు ఫోటో కోసం పరిచినవేనని చరిత్రకారులంటారు. 1945లో బెర్లిన్‌లో సోవియట్ జెండా ఎగరేసిన ఫోటోలో, ఒక సైనికుడి రెండో చేతి గడియారాన్ని చెరిపేసి, వెనకాల పొగ దట్టం చేశారు.

మరి మనం ఏం చూడాలి?

1. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీశారో రాసుందా? లేకపోతే అనుమానించండి.

2. బోర్డుల మీద అక్షరాలు, బట్టలు, చెట్లు చెప్పిన ఊరికి, కాలానికి సరిపోతున్నాయా?

3. వేళ్లు ఎక్కువ తక్కువలుగా ఉన్నా, అక్షరాలు అలికినట్టున్నా కంప్యూటర్ చేసిన బొమ్మ కావచ్చు.

4. సినిమాదేమో చూడండి. 1971లో విశాఖ దగ్గర మునిగిన జలాంతర్గామి మీద 2017లో వచ్చిన ‘ఘాజీ’ ఎంత నిజంలా ఉన్నా, అది సెట్టే.

5. పిల్లల చేత గూగుల్ లెన్స్‌లో వెతికించండి. అదే బొమ్మ పాత తేదీతో దొరికితే గుట్టు బయటపడినట్టే. ప్రభుత్వానికీ, సైన్యానికీ సంబంధించిన సంగతైతే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లు ఏమన్నారో చూడండి.

ఇవన్నీ చూసినా తేలలేదా? మీ ఫోన్లోనే ఆపెయ్యండి. ముఖ్యంగా కొడుకో భర్తో సరిహద్దులో ఉన్న ఆడమనిషికి అసలు పంపకండి. ఆమెకి మన ఫోటో కన్నా, ఆ కాసేపు పక్కన కూచునే మనిషి అవసరం.