వ్యూ పాయింట్ మీద కాపురం

ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ రాగానే మా హాస్టల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, బెజవాడలో చూడ్డానికి ఏముంది?" మన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. అమ్మవారి గుడి, బ్యారేజీ, భవానీ ద్వీపం, గాంధీ కొండ, టైముంటే ఉండవల్లి గుహలు. సాయంత్రం బెసెంట్ రోడ్డు, రాత్రికి బిర్యానీ. ఒక్క ఆదివారంలో ఊరు అయిపోతుంది. నేనూ మూడేళ్ళు ఇదే లిస్టు చెప్పాను. ఇప్పుడు ఆ లిస్టు గురించి నాకొక పేచీ ఉంది, అందుకే ఈ వ్యాసం.

ముందు లిస్టుకి న్యాయం చేద్దాం. ఎందుకంటే అది చెడ్డ లిస్టేమీ కాదు. మాది కర్నూలు. తుంగభద్ర ఒడ్డున పెరిగాను కాబట్టి నది నాకు కొత్త కాదు. కానీ నదికి అటూ ఇటూ కొండలు కాపలా కాస్తున్నట్టు నిలబడటం మాత్రం ఇక్కడే చూశాను. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో కృష్ణ. కొండ బెజ్జం చేసి నదికి దారి ఇచ్చిందని, అందుకే ఇది బెజవాడ అయిందని ఊళ్ళో కథ చెప్తారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఇంజనీర్లకి మాత్రం ఆ ఇరుకు బాగా పనికొచ్చింది. కాటన్ దొర ఆలోచనతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి ఇక్కడే ఆనకట్ట పూర్తయింది. నది ఇరుకైన చోటు, రాయి పక్క కొండలోనే. అంతకంటే ఏం కావాలి? ఆ ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పొడవు దాదాపు 1.2 కిలోమీటర్లు, గేట్లు 70.

గాంధీ కొండ ఎక్కితే రైల్వే స్టేషను మొత్తం బొమ్మ రైళ్ళలా కనిపిస్తుంది. పైన 52 అడుగుల స్థూపం, 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. గుణదల కొండ మీద మేరీమాత గుడి నుంచి చూస్తే ఊరు ఇంకో రకంగా ఉంటుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడ తిరనాళ్ళు, ఊరంతా అటే. మొగల్రాజపురం గుహలు అయితే అపార్ట్‌మెంట్ల మధ్య దాక్కున్నట్టుంటాయి. మన సాహితీ క్లబ్బు వాళ్ళకి ఇంకో ముచ్చట: తెలుగు పద్యం మధ్యాక్కరలో చెక్కిన యుద్ధమల్లుడి శాసనం ఈ ఊరిదే, నన్నయ భారతం కంటే ముందుది. అంటే ఈ కొండల్లో మన భాష రాతికెక్కి వెయ్యేళ్ళు దాటింది.

ఇక పేచీ ఎక్కడ మొదలైందో చెప్తాను. థర్డియర్లో ఒక సాయంత్రం బ్యారేజీ మీద నిలబడి రీల్ తీశాను. చీకటి పడుతోంది. వన్‌టౌన్ వైపు కొండ మీద ఇళ్ళలో ఒక్కో లైటూ వెలుగుతోంది. నిజంగా దీపావళిలా ఉంది. "బెజవాడకి రోజూ దీపావళే" అని రాసి పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి. రాత్రి మా క్లాసువాడు ఒకడు మెసేజ్ పెట్టాడు. "పైనుంచి మూడో వరసలో నల్లగా ఒక గ్యాప్ ఉంది చూడు. అది మా సందు. అక్కడ వీధి లైటు పోయి నాలుగు నెలలయింది."

మూడేళ్ళు వాడి పక్క బెంచీలో కూర్చున్నాను. వాడి ఇల్లు కొండ మీదని నాకు తెలీదు. వాడూ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. రోడ్డు ఒక చోట ఆగిపోయింది, అక్కడ్నుంచి మెట్లే. లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట పదకొండు దగ్గర మానేశాను. ఒక మెట్టు అరడుగు ఎత్తుంటే తర్వాతది అడుగు పైనే. కొన్నిచోట్ల సిమెంటు లేచిపోయి కింద రాయి కనిపిస్తోంది. పక్కనే నీళ్ళ పైపులు, వాటి పక్కనే మురుగు. మెట్లే కాలవ, కాలవే మెట్లు. ఎదురుగా ఒక కుర్రాడు గ్యాస్ సిలిండర్ భుజాన వేసుకుని ఎక్కుతున్నాడు. వాడికి దారిచ్చి గోడకి అతుక్కుని నిలబడ్డాను. సిలిండర్ పైకి మోసినందుకు ఇంటికింత అని విడిగా ఇచ్చుకోవాలట.

వాళ్ళమ్మగారు గుమ్మంలోనే నిలబడి నవ్వారు. "ఏంది నాన్నా, అప్పుడే ఆయాసమా? మా అత్త డెబ్భై ఏళ్ళప్పుడు కూడా బిందె పెట్టుకుని ఎక్కేది" అన్నారు. మజ్జిగ ఇచ్చారు. గుమ్మం బయట అరుగు మీద కూర్చున్నాం. ఎదురుగా కాళేశ్వరరావు మార్కెట్ కప్పులు, రైలు పట్టాలు, దూరంగా కృష్ణ. లిస్టులోని ఏ వ్యూ పాయింట్ నుంచీ నేను ఊరిని అంత బాగా చూడలేదు. నోరు జారి, "ఆంటీ, మీ ఇంటి వ్యూ సూపర్" అన్నాను. ఆవిడ నదివైపు ఒకసారి చూసి, "వ్యూ బానే ఉంటది నాన్నా, వానాకాలం వస్తే మేం మాత్రం వెనక్కి చూస్తా పడుకుంటాం" అన్నారు. ఇంటి వెనక కొండ ఉంది. ఇద్దరు మనుషులంత బండరాయి ఒకటి, ఇంటి గోడకి పది అడుగుల పైన.

2024 ఆగస్టు 31 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు వానకి మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందకి పోయాయి. ఆ వారం పల్లంలో వాళ్ళు మేడలెక్కారు, కొండ మీద వాళ్ళు కిందకి దిగారు. మావాడి ఇంట్లో వాళ్ళు రాత్రి పదింటికి, కరెంటు లేకుండా, మెట్ల మీద నీళ్ళు పారుతుంటే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారట. తెలిసినవాళ్ళింట్లో నాలుగు రోజులున్నారు. నేను ఆ నాలుగు రోజులూ ఏం చేశానో చెప్పాలి కదా. కాలేజీకి సెలవులిచ్చారని సంతోషపడ్డాను. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో బ్యారేజీ వీడియోలు షేర్ చేశాను.

కాబట్టి నా వాదన ఇది. మన ఊరి అందం గురించి మాట్లాడేటప్పుడు ముందు మాట్లాడాల్సింది కొండ మీద కాపురముండే వాళ్ళ మెట్ల గురించి. కొత్త వ్యూ పాయింటు, కొత్త సెల్ఫీ స్పాటు, ఘాట్ల మీద ఇంకో వరస రంగు లైట్లు, ఇవన్నీ ఆ తర్వాత. మెట్టు అక్కడ రోడ్డుతో సమానం. రోడ్డుకి గుంట పడితే మనం ఫోటో తీసి పెడతాం. మెట్టు విరిగితే అది వాళ్ళ సొంత సమస్య అయిపోతుంది.

"చెయ్యడం కష్టం" అంటారా? గుణదల మెట్లు చూడండి. ఇంద్రకీలాద్రి చూడండి. ఘాట్ రోడ్డు వైపు రాళ్ళు జారకుండా ఇనుప వలలు కట్టారు. లక్షలమంది భక్తులు ఎక్కి దిగేలా మెట్లు కట్టడం ఈ ఊరికి బాగా తెలుసు. కృష్ణలంకకి రిటైనింగ్ వాల్ కడితే 2024 వరదలో అది ఎంత ఆదుకుందో అందరం చూశాం. చేతకాక ఆగిన పని కాదు ఇది. వరసలో వెనక్కి నెట్టిన పని.

నేను ఈసీఈ వాణ్ణి. మట్టి సంగతులు సివిల్ ఫ్రెండ్స్‌ని అడిగి తెలుసుకున్నాను. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ రాయి ఎండకీ వానకీ తొందరగా మెత్తబడుతుంది. పగుళ్ళలోకి నీళ్ళు దిగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, రాయికీ రాయికీ మధ్య పట్టు తగ్గుతుంది. దానికి తోడు ఇంటికి చోటు కోసం కొండ పాదాన్ని నిలువుగా చెక్కితే పైనున్న బరువుకి ఆసరా పోతుంది. అంటే కొండని కాపాడే మొదటి పని ఖరీదైనదేం కాదు: వాననీళ్ళు పగుళ్ళలోకి దిగకుండా, మెట్ల మీద పారకుండా, వేరే కాలవలో కిందకి దించాలి. తర్వాత వానాకాలానికి ముందే వదులైన బండల్ని గుర్తించి తీసెయ్యాలి, తీయలేనివాటిని కట్టాలి. ఆపైన ఒకే ఎత్తులో మెట్లు, పట్టుకోడానికి రైలింగ్, రాత్రికి లైటు. ఇంకొకటి మావాడు చెప్పాడు: ప్రతి మెట్లదారికీ ఒక పేరో నంబరో రాసిన బోర్డు. అంబులెన్సు కింద ఆగి, "ఎటు ఎక్కాలి?" అని ఫోన్ చేస్తుంటే, పైన మనిషి ప్రాణం ఆగదు కదా.

మా రూమ్‌లో ఈ మాటంటే రెండు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది: "అసలు వాళ్ళని కొండ మీద ఎవరుండమన్నారు?" మావాడి నాన్నగారు ముఠా పని చేస్తారు. లోడు తెల్లవారుజామున వస్తుంది. మార్కెట్టు, రైల్వే గూడ్సు, బస్టాండు, అన్నీ కొండ కిందే. కింద అద్దెకి ఉండే స్తోమత లేదు. ఊరి చివర స్థలమిస్తే బస్సు లేని వేళ పనికెలా రావాలి? అంతకంటే ముఖ్యం, కొండని ఆక్రమించింది వాళ్ళొక్కళ్ళే కాదు. కొండ పాదాల్ని చెక్కి లేపిన పెద్ద మేడలూ ఉన్నాయి. వాటినెవరూ ఈ ప్రశ్న అడగరు. నిజంగా ప్రమాదం అంచున ఉన్న ఇళ్ళని మార్చాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ పని దొరికే దూరంలో చోటిచ్చి మార్చాలి. మార్చేదాకా మెట్టు విరిగినట్టే ఉంచాలనడం మాత్రం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం కొంచెం గట్టిది. "టూరిజం వస్తే ఊరికి డబ్బొస్తుంది, ఆ డబ్బుతో మెట్లూ వేస్తారు" అని. నేను టూరిజానికి వ్యతిరేకిని కాను. కాకపోతే వరస మార్చి చూద్దామంటున్నాను. మంచి మెట్లు, రైలింగు, లైట్లు ఉన్న కొండపేటకి మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఎక్కుతారు. మలుపులో ఒక టీ కొట్టు, బజ్జీల బండి, కూర్చోడానికి నాలుగు అరుగులు. డబ్బు టికెట్ కౌంటరు దగ్గర ఆగిపోకుండా కొండ ఎక్కుతుంది. అయితే ఇక్కడ మావాడు నన్నే ఆపాడు. "అందరూ వచ్చి మా గుమ్మంలో రీల్స్ తీస్తే? మా అమ్మ నీళ్ళు పడుతుంటే తీస్తే?" అన్నాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ కెమెరా వద్దో ఆ పేటవాళ్ళే చెప్పాలి అని మాత్రం అనగలను. ఎవరూ రావద్దన్నా మెట్లు మాత్రం వెయ్యాల్సిందే. మెట్లు చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం కాదు.

మనం చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది, చిన్నదే. సివిల్ ఫైనలియర్ వాళ్ళు ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడో టాపిక్‌లు వెతుకుతుంటారు. ఒక్క మెట్లదారి తీసుకుని, మెట్ల ఎత్తులు, విరిగినచోట్లు, నీరు పారే దారి, వదులు రాళ్ళు, లైట్లు, అన్నీ కొలిచి మ్యాపు గీయండి. మేం ఈసీఈ వాళ్ళం వానకి వచ్చే కదలికని పట్టే సెన్సార్లు పెట్టగలమేమో ప్రయత్నిస్తాం. గోడకి వంపు కొలిచే చిన్న సెన్సార్ ఒకటి మా ల్యాబ్‌లోనే ఉంది, ఇప్పటిదాకా దాన్ని టేబుల్ మీద తప్ప ఎక్కడా వాడలేదు. ఆ మ్యాపుని పేట పెద్దల చేతిలో పెడితే, వాళ్ళు అర్జీ రాసేటప్పుడు "మెట్లు బాలేవు" అని కాకుండా "నలభై మూడో మెట్టు నుంచి అరవయ్యో మెట్టు దాకా విరిగాయి" అని రాయగలుగుతారు.

ఈ ఏడాది జూనియర్లు అడిగితే నా లిస్టు మార్చి చెప్తున్నాను. గుడికెళ్ళండి, గాంధీ కొండెక్కండి, ఉండవల్లిలో పడుకున్న అనంతపద్మనాభుణ్ణి చూడండి, సాయంత్రం బ్యారేజీ మీద నడవండి. చీకటి పడ్డాక కొండ మీద లైట్లు చూడండి, రీల్ కూడా తీసుకోండి, తప్పులేదు. తర్వాత మీ క్లాసులో ఎవరిదైనా ఇల్లు అక్కడుందేమో అడగండి. ఉంటే, పిలిస్తే వెళ్ళండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఒప్పుకుంటాను. మజ్జిగ ఇస్తారు.

మావాడి సందులో లైటు సంగతి అడుగుతారేమో. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, స్తంభం ఉంది, బల్బు ఇంకా లేదు. అర్జీ రెండోసారి ఇచ్చారు. ఈసారి దాంతోపాటు మేం గీసిన మ్యాపు కూడా పెట్టారు.