అదే లోహం, అదే ఓము

బావి మోటారు కాలితే నాన్న వైండింగు షాపులో చెప్పే మాట ఒక్కటే: "పాత గేజి తీగే చుట్టవయ్యా." ఫిజిక్సు విద్యార్థిగా పాత స్టూడియో స్పీకర్ల గురించి నేననేదీ అదే.

1976లో వచ్చిన జె.బి.ఎల్. 4343నే తీసుకోండి. దాని 2420 హారన్ డ్రైవరు డయాఫ్రం పల్చని అల్యూమినియం రేకు. అది పోతే చాలామంది టైటానియం అడుగుతారు. గట్టిదే, కాదనను. కాని దాని సాంద్రత 4.5, అల్యూమినియంది 2.7. బరువూ బిరుసూ మారితే పైస్వరాల తీరు మారదా? 16 ఓముల చోట 8 ఓములది బిగిస్తే క్రాసోవర్ లెక్కే తప్పుతుంది.

మిత్రులారా! ఆ స్పీకరు కమ్మగా పాడటానికి కాదు, పాటలో తప్పు చూపడానికి పుట్టింది. అది తూకంరాయి. రాయి మారితే నష్టమెవరికో రైతుబిడ్డకు వేరే చెప్పాలా? అందుకే అదే లోహం, అదే ఓము, రెండు పెట్టెలకూ ఒకేసారి మార్చాలని నా మనవి.