కృష్ణుడు ఎట్లా పాడాడు?

పద్యనాటకం చూచి తెల్లవారుజామున ఇంటికి చేరినవారిని పొద్దున్నే అరుగు మీది పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "కృష్ణుడు ఎట్లా పాడాడు?" ఎట్లా ఉన్నాడని గాని, ఏం చేశాడని గాని అడగరు. పాడితే నాటకం రక్తి కట్టినట్టు, గొంతు పట్టేస్తే డబ్బు దండగ అయినట్టు. హరిశ్చంద్ర అయినా అంతే. కాటిసీనులో ఏ పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డవో వేళ్ళు మడిచి లెక్క చెబుతారు. చంద్రమతి ఎవరు వేశారండీ అని అడిగి చూడండి. "ఎవరో ఒకావిడ" అంటారు.

నాకు మాత్రం ఆ ఒకావిడ సంగతే ముందు తెలుసుకోవాలని ఉంటుంది. వేషానికి మనిషిని ఎంచడమూ, ఎంచిన మనిషి ఆ వేషాన్ని రాత్రి పొడుగునా మోయడమూ, ఈ రెండింటికీ మనం గొంతునొక్కదాన్నే కొలపాత్ర చేసుకున్నాం. ఆ పాత్రలో పట్టనిదంతా నేలపాలవుతున్నది.

ఈ అలవాటు ఊరికే వచ్చింది కాదు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు 'చిత్రనళీయం' ఆడించిన 1887 నాటికే పాటా పద్యమూ తెలుగు రంగస్థలం మీద పీట వేసుకుని కూర్చున్నవి. తరువాత తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలూ, బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్రీయమూ వచ్చి, అక్షరం ముక్క రానివారి నోట కూడా పద్యాన్ని నిలబెట్టినవి. అప్పట్లో మైకు లేదు. తాటాకు పందిరి, పెట్రోమాక్సు దీపాలు, చివర చాప పరుచుకుని కూర్చున్న ముసలమ్మ. ఆ ముసలమ్మ దాకా మామూలు మాట పోదు, రాగం పోతుంది. కాబట్టి హార్మనీ పై శ్రుతిలో పెట్టేవారు. ఆ శ్రుతి అందుకున్నవాడికే వేషం దక్కేది. వయస్సూ, ఒడ్డూపొడుగూ తరువాతి మాట. ఆనాటికి అది న్యాయమే. ఇప్పుడు రంగం నడిమధ్య మైకులు వేలాడుతున్నవి, నటుడు ఊపిరి పీల్చినా ఊరి చివరి దాకా వినిపిస్తున్నది. అవసరం తీరిపోయింది గాని అలవాటు పోలేదు. పైగా ఇవాళ యూట్యూబులో పద్యం ఒక్కటి కోసి పెడతారు. దానికి ముందేమి జరిగిందో, ఎదుట ఎవరున్నారో అక్కరలేదు. గొంతే నాటకమైపోయింది.

దీనికి మరింత బలం చేకూర్చింది కంట్రాక్టు నాటకం. కంట్రాక్టరు ఒక్కొక్క వేషానికి పేరుమోసినవారిని ఒక్కొక్క ఊరినుంచి పిలిపించి ఒక రాత్రికి జమ చేస్తాడు. కలిసి రిహార్సలు వేసుకునే మాట లేదు. ఎవరి పోర్షను వారికి కంఠతా వచ్చు. బస్సు దిగి, కాఫీ తాగి, ముఖానికి రంగు పూసుకుని తెర వెనక నిలబడడమే. ఇక కృష్ణుడు ఒకడైతే జనానికి ఆనదు గదా! పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొక కృష్ణుడు. కాటికి వేరే హరిశ్చంద్రుడు. కరపత్రంలో ఇద్దరు ముగ్గురి ఫొటోలు వరసగా వేస్తే టిక్కెట్లు తెగుతవి. ఒక్క రాత్రిలో ముగ్గురు గాయకులను విన్న సంతోషాన్ని నేను కాదనను. ఆ సంతోషం నేనూ అనుభవించినవాణ్ణే. కాని పాపం దుర్యోధనుణ్ణి చూడండి. పడకసీనులో తల వైపు కూర్చుని ఒక కృష్ణుడి చేత అవమానం పొందుతాడు. కొలువులో దాని కసి మరొక కృష్ణుడి మీద తీర్చుకోవలసి వస్తుంది. ఆ రెండో ఆయన సన్నగా, పొడుగ్గా, మొదటి ఆయనకు ఎక్కడా పోలిక లేకుండా ఉంటాడు. అయినా ఆ కోపం అతకాలి. అతికించిన దుర్యోధనులు ఉన్నారు. వారికి వన్స్‌మోర్ లేదు.

ఈ సంగతి మొన్న ఎవరో కనిపెట్టింది కాదు. బళ్ళారి రాఘవగారు తమ కాలంలోనే పాట తగ్గించాలి, మాటకూ ముఖానికీ చోటివ్వాలి అని పట్టుబట్టారు. ఆడవేషం ఆడవారే వేయాలన్నారు. అదే కాలంలో స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కట్టి ఆంధ్రదేశాన్ని ఊపేశారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఇద్దరిలో ఎవరిది సరి అంటే, నా మట్టుకు ఇద్దరిదీ సరే. రాఘవగారిది సూత్రం. స్థానంవారిది, ఏ సూత్రానికీ లొంగని మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడనే నిదర్శనం. వేషానికి తగిన మనిషి అంటే అద్దంలో కనబడే పోలిక కాదని ఆయన్ని చూచినవారు ఒప్పుకుని తీరవలసి వచ్చింది. తరువాతి తరంలో పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుణ్ణి జనం మెచ్చుకున్నది కూడా సాగదీసిన రాగానికి కాదు. పద్యంలో ఏ మాట ఎవరికి తగలాలో ఆ మాట అక్కడ విడిచిపెట్టేవారు, అందుకు.

కంట్రాక్టు పద్ధతికి పూర్తిగా ఎదురుగా ఉన్నవారు సురభివారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో ఆరంభమైన ఈ కుటుంబ సంస్థలో వేషాలు పంచేది కంట్రాక్టరు కాదు, ఇంటి పెద్ద. చంటిపాపగా అమ్మ చంక ఎక్కి రంగం మీదికి వచ్చినవాడు ప్రహ్లాదుడవుతాడు, మీసం వచ్చాక అభిమన్యుడవుతాడు, నెరిశాక మరో వేషానికి మారతాడు. బయట మగవారే ఆడవేషాలు వేస్తున్న రోజుల్లో వారి ఆడవారు ధైర్యంగా రంగం ఎక్కారు. 1932లో వచ్చిన తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతిగా కనిపించిన కమలాబాయి ఆ ఇంటి బిడ్డే. ఈ పద్ధతిలోనూ చిక్కులు లేకపోలేదు. బావగారు కోరిన వేషం కాదని మరొకరికి ఇవ్వడం ఎంత కష్టమో ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. కాని ఒక లాభం ఉన్నది. ఎదుటివాడు ఏ మాట తరువాత ఊపిరి తీస్తాడో చిన్నప్పటినుంచి తెలుసు. అందుచేత వారు ఒకరి మాట ఒకరు వింటారు.

నేను చూచేది ఆ వినడమే. పద్యం పాడేవాడి మీద దీపమూ ఉంటుంది, మైకూ ఉంటుంది, జనం కళ్ళూ ఉంటవి. వినేవాడి దగ్గర ఏమీ లేదు. కొందరు ఆ సమయంలో వింగు వైపు చూస్తారు, కొందరు కిరీటం సర్దుకుంటారు, కొందరు తమ పద్యానికి శ్రుతి కోసం హార్మనీ వైపు తిరుగుతారు. లోహితాస్యుడు శవంగా పడుకుని నిజంగానే నిద్రపోయిన నాటకం కూడా చూచాను. ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టను, అర్ధరాత్రి రెండు గంటలు దాటింది, హరిశ్చంద్రుడు ఇంకా రాగంలోనే ఉన్నాడు.

ఇంకొక చిన్న పరీక్ష. మీ ఊరికి మాయాబజారు ఆడేవారు వస్తే, శశిరేఖ వేసిన పిల్లను మొదటి సగంలో కాదు, రెండో సగంలో చూడండి. అప్పుడు ఆ పిల్ల శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. చీర అదే, నగలు అవే, గొంతూ అదే. నడకలో, చూపులో రాక్షసుడు ఒక్కొక్కసారి తొంగిచూచి మళ్ళీ దాక్కోవాలి. 1957 నాటి చిత్రంలో సావిత్రి ఏం చేసిందో మనందరికీ తెలుసు. కెమెరా దగ్గరికి వచ్చి సాయం చేస్తుంది గదా అంటారేమో. పందిట్లో, ఏ సాయమూ లేకుండా, భుజం ఒక్కటి విరిచి ఆ పని చేసిన అమ్మాయిని నేను చూచాను. ఆమెకు పాట అంతంత మాత్రమే.

నాలుగేళ్ళ క్రితం ఒక పరిషత్తువారు పద్యనాటకాల పోటీలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ముగ్గురం. ఒకరు ప్రభుత్వోద్యోగం చేసి విరమించిన రసికులు, ఒకరు నలభై ఏళ్ళు హార్మనీ వాయించిన పెద్దాయన, మూడోవాణ్ణి నేను. రెండో రాత్రి హరిశ్చంద్ర. రాజుగారి గాత్రం గంట కొట్టినట్టున్నది. కాటిసీనులో వన్స్‌మోర్ల వాన కురిసింది. నేను చంద్రమతిని చూస్తున్నాను. నలభై దాటిన మనిషి, రూపరేఖలు సామాన్యం, పద్యం శ్రుతి తప్పకుండా చదివే పాటి సంగీతం.

ఆ సీను కీలకం మీకు తెలిసిందే. కాటికాపరి సుంకం అడుగుతాడు, నా దగ్గర ఏమీ లేదంటుంది, మెడలో మంగళసూత్రం ఉన్నది గదా అంటాడు. అది కట్టినవాడికి తప్ప మరొకరికి కనబడదు. ఆ మాటతో ఎదుట ఉన్నది ఎవరో ఆమెకు తెలిసిపోతుంది. మామూలుగా మన చంద్రమతులు ఆ మాట వినీ వినగానే "నాథా" అని కాళ్ళ మీద పడతారు. ఈవిడ పడలేదు. ముందు చెయ్యి మెడ మీదికి పోయింది, దొంగ చేతికి చిక్కకుండా దాచుకున్నట్టు. తరువాత ఆ చెయ్యి అక్కడే ఆగింది. ఆగిన చేతిని తనే ఒకసారి చూచుకున్నది. ఆ తరువాత గాని కళ్ళెత్తి అతని ముఖం చూడలేదు. ఇంతా కలిపి మూడు క్షణాలు ఉంటుందేమో. రాజుగారు ఆ మూడు క్షణాలూ ఓర్చుకోలేక పద్యం ఎత్తుకున్నారు.

తెల్లవారి మార్కుల దగ్గర తగవు వచ్చింది. ఉత్తమ నటి ఈవిడే అన్నాను. రసికులు ఒప్పుకోలేదు. "మాస్టారూ, ఆవిడ పాడిందెక్కడండీ? మొదటిరోజు సత్యభామ చూడండి, ఎంత చక్కటి గాత్రం!" అన్నారు. వాచికం ఒక్కటే అభినయం కాదు గదండీ, ఆంగికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు చెప్పారు గదా భరతులవారు అంటే, "అవి క్లాసులో చెప్పుకోండి, జనం చప్పట్లు ఎవరికి కొట్టారో చూడండి" అన్నారు. ఆయన మాట తీసిపారేయవలసింది కాదు. టిక్కెట్టు కొన్నవాడికి నచ్చడమూ కళలో భాగమే, సత్యభామ నిజంగా బాగా పాడింది కూడా.

హార్మనీ పెద్దాయన ఎటు మొగ్గుతారో నాకు అనుమానమే. సంగీతం మనిషి గదా! ఆయన ముక్కుపొడుం పీల్చి నిదానంగా అన్నారు. "పెట్టె ముందు కూర్చున్నవాడికి ఒక సంగతి తెలుస్తుంది బాబూ. ఎవరు ఎదుటివాడి పద్యం వింటున్నారో, ఎవరు తమ పద్యం కోసం కాచుకున్నారో. ఆవిడ విన్నది. అతను రాగం తీసినప్పుడల్లా ఆవిడ ఊపిరి మారింది. ఆ ఊపిరి చూచుకుని వాయించాలని నాకు చెయ్యి దురద పెట్టింది." ఇద్దరం ఒకవైపు, ఒకరు ఒకవైపు. బహుమతి ఆవిడకే వచ్చింది.

వ్యాను బయలుదేరబోతుంటే వెళ్ళి పలకరించాను. మెడ మీద చెయ్యి వేసిన సంగతి ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. ఆవిడ నవ్వి, "ఎవరు నేర్పుతారండీ? ఆ తాడు మొగుడికి తప్ప కనబడదని నాటకంలో ఉంది. ఇక్కడేమో ఎదురుగా కూర్చున్న జనమందరికీ కనబడుతుంది. అందుకని మొదటినుంచీ పైట లోపల దోపుకుని ఉంచుతాను. ఆయన ఆ మాట అనేసరికి చెయ్యి దానంతటదే పోతుంది" అన్నది. ఎన్నేళ్ళుగా వేస్తున్నారంటే పద్దెనిమిది అన్నది. పద్దెనిమిదేళ్ళలో దీన్నిగురించి అడిగినవాణ్ణి నేనేనట. ఆ రాత్రికి వారికి ఇంకో ఊళ్ళో జాతర ఉన్నది.

ఈ నెలాఖరున మా పేట గుడి ఉత్సవాలకు హరిశ్చంద్ర పెడుతున్నారు. కరపత్రం నిన్న మా గుమ్మంలో పడింది. ఇద్దరు హరిశ్చంద్రులు, ఒక నక్షత్రకుడు, రంగురంగుల ఫొటోలు, కింద హార్మనిస్టుగారి పేరు, దీపాలంకరణ చేసేవారి పేరు, ప్రసాద దాతల పేర్లు. చంద్రమతి ఎవరో వెయ్యలేదు. సాయంత్రం కమిటీవారి దగ్గరికి వెళ్ళి అడగాలనుకుంటున్నాను.