అబద్ధం వాళ్లది, నమ్మకం మనది!

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. పెళ్లయ్యాక ఆ వెయ్యి అబద్ధాలను ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. పిల్లగాడికి పదెకరాల మాగాణి ఉందని చెప్పినవాడు ఏడాది తిరిగేసరికి ఆ మాగాణి మీద వడ్లు చూపించాలి. చూపించలేకపోతే కరువొచ్చిందనాలి. మరుసటేడు దాయాదులు కోర్టుకెక్కారనాలి. ఇంతకీ ఆడపిల్ల తండ్రి ఆ పొలం గట్టు మీదికి ఒక్కసారైనా ఎందుకు పోలేదు? తలారినో, పక్క పొలం రైతునో ఎందుకు అడగలేదు? అబద్ధమాడినవాడిని తిట్టడం సులువు. అడగనివాడి సంగతి ఆలోచించడమే కష్టం. ఈ వారం ఆ కష్టమైన పనే చేద్దాం.

మన కళ్లముందే, మన హైదరాబాద్‌లోనే జరిగిన ముచ్చట ఒకటుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్‌ చైర్మన్‌ రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ రాశారు. కంపెనీకి బ్యాంకుల్లో 5,361 కోట్లున్నట్టు లెక్కల్లో చూపాం, అందులో 5,040 కోట్లు లేనే లేవు అన్నది దాని సారాంశం. మూడు నెలల నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు, అసలు వచ్చింది 61 కోట్లు. అన్నీ కలిపితే తేడా ఏడువేల కోట్లు దాటింది. ఆ ఒక్కరోజులోనే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. యాభై వేలకు పైగా ఉద్యోగులు వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియక ఆ రాత్రి నిద్రపోలేదు.

ఆ లేఖలో ఆయనే చెప్పిన మాట గుర్తుంచుకోదగ్గది. మొదట తేడా చిన్నదేనట. ఏటికేడు పెరిగిపోయిందట. చివరికి పులి మీద సవారీ అయిందట, దిగితే పులి తినేస్తుందన్న భయమట. ఇందులో తనను తాను కాపాడుకునే తెలివీ ఉండొచ్చు. ఏడువేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు సృష్టించారని సీబీఐ తేల్చింది. అది పులి లాక్కుపోతే పోయినవాడి పని కాదు, కళ్లెం పట్టుకుని తోలినవాడి పని. అయినా చిన్న అబద్ధం పెద్దదానికి దారి తీస్తుందన్న మాట మాత్రం వట్టిది కాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. గాజు సీసాలో ఎంత చిల్లర ఉందో పక్కవాడికి సలహా చెప్పే ఆట అది. తప్పు చెబితే తనకు లాభం వచ్చేలా పెట్టినప్పుడు, మనుషులు ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం, ఆ తర్వాత బాగా అబద్ధమాడారు. మనసులోని కలవరానికి సంబంధించిన మెదడు భాగం మొదటిసారి గట్టిగా స్పందించింది, పోనుపోనూ ఆ స్పందన తగ్గిపోయింది. కల్లుకు అలవాటుపడ్డ గొంతులాగా అబద్ధానికి అలవాటుపడ్డ మనసుకూ ఘాటు తెలియదన్నమాట!

సరే, ఆడేవాడి సంగతి అది. నమ్మినవాళ్ల మాటేమిటి? వాళ్లేమైనా అమాయకులా? పెద్ద పెద్ద బ్యాంకులు, విదేశీ పెట్టుబడిదారులు, పేరుమోసిన ఆడిటర్లు, ఎంబీయేలు చదివినవాళ్లు. సంస్థ పాలన బాగుందని 2008లోనే ఆ కంపెనీకి ఒక అంతర్జాతీయ అవార్డు కూడా ఇచ్చారు. తర్వాత సిగ్గుపడి వెనక్కి తీసుకున్నారు.

అబద్ధాన్ని ముఖం చూసి పసిగడతామని మనందరికీ ఒక ధీమా. కళ్లలో కళ్లు పెట్టి చూడడనీ, నీళ్లు నములుతాడనీ అనుకుంటాం. ఈ విషయం మీద జరిగిన రెండువందలకు పైగా పరిశోధనలను, సుమారు 24 వేలమంది ఇచ్చిన తీర్పులను కలిపి 2006లో లెక్కగట్టారు. నిజమేదో అబద్ధమేదో సరిగ్గా చెప్పగలిగింది నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసా అని నాణెం ఎగరేసినా యాభై వస్తాయి! అందులోనూ మన తప్పులు ఎక్కువగా ఒకే వైపు. అబద్ధాన్ని నిజమనుకోవడమే ఎక్కువ.

ఇది మన తెలివితక్కువతనం కాదు. మనుషులు బతికే తీరే అంత. పాలవాడి మాట, బస్సు కండక్టర్‌ మాట, డాక్టరు మాట ప్రతిదీ అనుమానిస్తూ కూర్చుంటే పొద్దు గడవదు. ఎదుటివాళ్లు చాలాసార్లు నిజమే చెబుతారు గనుక నమ్మడమే మనకు అలవాటు. అబద్ధాలకోరు బతికేది ఈ అలవాటు మీదనే. వాడు దోచుకునేది మన మూర్ఖత్వాన్ని కాదు, మన మంచితనాన్ని.

దీనికి తోడు ఇంకో మూడు కలుస్తాయి. ఒకటి, పదేపదే వినడం. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు రెండేసి వారాల తేడాతో మూడుసార్లు కొన్ని వాక్యాలు చదివి వినిపించారు. మళ్లీ మళ్లీ విన్న వాక్యాలు, నిజమైనా కాకున్నా, ప్రతిసారీ ఇంకాస్త నిజంగా తోచాయి వాళ్లకు. సరైన జవాబు తెలిసినవాళ్లు కూడా ఈ మాయలో పడతారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఒక కంపెనీ గొప్పదని రోజూ పేపర్లో చదివి, టీవీలో విని, పక్కింట్లో చూస్తే ఇంకేం కావాలి?

రెండోది, మంచి పని నీడ. రోడ్డు మీద ప్రమాదం జరిగితే మనమంతా ఫోన్‌ చేసే 108 అంబులెన్స్‌ సేవ 2005లో మొదలైంది ఈ రామలింగరాజు చొరవతోనే. ఆ అంబులెన్స్‌ నిజం, అది బతికించిన ప్రాణాలూ నిజమే. కానీ అంత మంచిపని చేసే మనిషి లెక్కలు తప్పు రాస్తాడా అన్న ఆలోచనలోనే ఉంది బోల్తా. ఒకచోట చూసిన మంచిని చూడని చోటికి కూడా పూసేస్తాం మనం.

మూడోది అన్నిటికన్నా బలమైనది, మన ఆశ. సత్యంలో కొలువు దొరికిందంటే పిల్లగాడికి సంబంధాలు క్యూ కట్టిన జమానా అది. తల్లిదండ్రులకు గొప్ప, షేర్లు కొన్నవాడికి లాభం, సర్కారుకు ఐటీ నగరమన్న పేరు, ఆడిటర్‌కు ఫీజు. అందరూ ఆ పులి మీద తలా ఇంత చోటు దొరికించుకున్నవాళ్లే. మరి పులి కాళ్లు చూసేదెవరు?

ఒక్కపని చేసి ఉంటే చాలు. బ్యాంకులో డబ్బుందా లేదా అని నేరుగా బ్యాంకును అడిగి, జవాబు బ్యాంకు నుంచే తెప్పించుకోవాలి. అది ఆడిట్‌లో ఓనమాలు. ఆ పనిని కంపెనీ చేతికే వదిలేసి, కంపెనీ తెచ్చిచ్చిన కాగితాలతోనే సరిపెట్టుకున్నారని అమెరికా మార్కెట్‌ నియంత్రణ సంస్థ విచారణలో బయటపడింది. అంటే చెప్పినవాడినే సాక్ష్యం అడిగారు. దొంగను తాళంచెవి ఎక్కడుందని అడిగినట్టు!

ఈ తప్పు మనకు కొత్తది కాదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నాం. సంతకాలు చూసి నమ్మాం. అమలు చూసే పని ఎవరికి అప్పగించాం? అమలు చెయ్యాల్సినవాళ్లకే. 1985 డిసెంబర్‌ 30న 610 జీవో వచ్చింది, మూడు నెలల్లో స్థానికేతరులను వెనక్కి పంపుతామన్నది. పంపారా లేదా చెప్పాల్సింది మళ్లీ ఆ శాఖలే. అసలు సంగతేమిటో తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ వెయ్యాల్సి వచ్చింది. సంతకం అబద్ధం కాదు, కాగితమూ అబద్ధం కాదు. కాగితాన్నే పని అనుకున్నాం చూడండి, అక్కడుంది మన బోల్తా.

సత్యం కుంభకోణం బయటపడ్డ రోజుల్లో ఆయన ఏ ప్రాంతంవాడో చూడు, ఆ ప్రాంతంవాళ్లంతా అంతే అని మనలో కొందరన్నారు. చెవికి ఇంపుగా ఉండొచ్చుగానీ అదీ అబద్ధమే. కూడబెట్టుకున్న పైసలు ఆ షేర్లలో పోగొట్టుకున్నవాళ్లు అన్ని ప్రాంతాల్లోనూ ఉన్నారు. అబద్ధానికి జిల్లా లేదు, కులం లేదు, జెండా లేదు.

మాటొచ్చింది గనుక మా సంగతీ ఒప్పుకోవాలి. ఉద్యమం జోరుగా నడిచిన రోజుల్లో ఒక మండల కేంద్రంలో సభ జరిగింది. రెండువేల మంది వచ్చారని మా విలేకరి నిజాయితీగా రాసి పంపాడు. డెస్క్‌లో కూర్చున్న మేం పక్కన ఒక సున్నా చేర్చాం. మంచి పని కోసమే కదా అనుకున్నాం. వారం తర్వాత ఆ ఊరి విద్యార్థి ఒకడు ఫోన్‌ చేశాడు. ‘మా గ్రౌండ్ల ఇరవైవేల మంది ఎట్ల పడతరన్నా?’ అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే మండలంలో విద్యార్థుల మీద లాఠీచార్జీ జరిగితే, గాయపడ్డవాళ్లు పదిహేడు మంది అని ఒక్కొక్కరినీ కలిసి, లెక్కపెట్టి రాశాం. అది చదివినవాళ్లు నవ్వి, సున్నాలు చేర్చే పత్రిక కదా అన్నారు. తలలు పగిలిన పిల్లల నిజాన్ని మా పాత అబద్ధం మింగేసింది. మన మేలు కోరి ఆడిన అబద్ధం చివరికి మన నోటినే మూస్తుందని ఆరోజు ఎరుకైంది.

అయితే ఎవరినీ నమ్మొద్దా? అలా అనడం కూడా అబద్ధాలకోరుకు సాయం చేయడమే. అందరూ దొంగలే అన్న ఊళ్లో దొంగకు భయముండదు. నమ్మండి, కానీ అడగండి. మాట చెప్పినవాడిని కాక, ఆ మాట నిజమో కాదో తెలిసిన మూడోవాడిని అడగండి. ఉద్యోగులు తమ భవిష్యనిధి జమైందో లేదో మేనేజర్‌ మాటతో ఆగకుండా ఖాతాలోనే చూసుకోవాలి. విద్యార్థులు కాలేజీ చెప్పే ప్లేస్‌మెంట్ల అంకెను ఆ కాలేజీలో నిరుడు చదివి బయటికొచ్చినవాళ్లను అడగాలి. నాయకుడు ఇచ్చామన్న కొలువుల సంఖ్యకు 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి కాగితం తెప్పించుకోవచ్చు. మన మనసుకు బాగా నచ్చిన మాట వినబడ్డప్పుడే ఈ పని మరింత పట్టుదలగా చెయ్యాలి. నచ్చని మాటను ఎలాగూ అనుమానిస్తాం.

2015 ఏప్రిల్‌ 9న ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో పాటు మరో తొమ్మిదిమందికి ఏడేళ్ల శిక్ష వేసింది. నెల తిరిగిందో లేదో పై కోర్టు ఆ శిక్ష అమలును నిలిపి బెయిలిచ్చింది. కోర్టులు చేసేది కోర్టులు చేస్తాయి, వాటి తీరులో, వాటి వేగంలో. అంతకు ముందే, పొలం గట్టు మీదికి పోయి చూసే పని మాత్రం మనది. ఈ పత్రికలో అచ్చయిన అంకెనూ అలాగే చూడండి. తేడా ఉంటే రాసి పంపండి. ఈసారి ఆ ఉత్తరాన్ని అచ్చేస్తాం, సున్నా చేర్చకుండా.