ఎద్దు గిట్ట చూస్తాం, మన పాదం చూడం

గాలికుంటు వచ్చిన ఎద్దును దమ్ములోకి దింపే రైతు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెతికినా కనబడడు. గిట్టల సందున పుండు కనబడితే చాలు, కడిగి, మందు రాసి, పొడి నేల మీద కట్టేస్తాం. నాలుగు రోజులు పని ఆగినా పరవాలేదంటాం. అదే పుండు మన కాలి వేళ్ల సందున వేస్తే మాత్రం మర్నాడు తెల్లారకుండానే మడిలో దిగిపోతాం. ఎద్దుకున్న సెలవు మనిషికి లేదు.

ఉభాల రోజులు గుర్తు చేసుకోండి. ఆకు తీత మొదలు నాట్లు అయ్యేదాకా పొద్దస్తమానం కాళ్లు నీళ్లలోనే. వేళ్ల సందులు నాని తెల్లగా పాలిపోతాయి, దురద పెడతాయి, చిట్లుతాయి. మడమ పగుళ్లలోకి బురద చేరుతుంది. ఇది అందరికీ ఉండేదే, నాట్లు అయ్యాక ఆరిపోతుంది అనుకుంటాం. చాలామందికి ఆరిపోతుంది కూడా. కాని కాలిలో కాస్త బోద ఉన్న మనిషికి ఆ చిన్న చిట్లే పెద్ద దెబ్బ.

మా మేనత్త సంగతి చెబుతాను. ఏటా ఉభాలప్పుడు ఆమెకు రెండు మూడుసార్లు చలిజ్వరం వచ్చేది. గజ్జల్లో బిళ్ల కట్టేది, కాలు ఎర్రబడి నిప్పులా కాలేది. మంచం దిగడానికి నాలుగైదు రోజులు పట్టేది. కూలి పోయేది సరే, జ్వరం తగ్గాక చూస్తే కాలు మునుపటికంటే కాస్త లావుగా ఉండేది. ‘ఉభాల జ్వరంరా నాయినా, వస్తాది, పోతాది’ అనేది. మేమేమో ఇటుక కాల్చి కాపడం పెట్టేవాళ్లం, పసరు కట్టేవాళ్లం. రెండూ చెయ్యకూడనివే. ఈ మాట ఇరవై ఏళ్ల ముందు తెలిసి ఉంటే ఆమె కాలు ఇవాళ ఇంత అయ్యేది కాదు.

జరిగేదేమిటంటే, ఫైలేరియా పురుగు దోమకాటుతో వస్తుంది. ఆ దోమ మురుగు కాలువల్లో, మరుగుదొడ్ల గుంతల్లో పెరుగుతుంది. పొలం బురదలో నడిస్తే బోదకాలు రాదు. పురుగు ఒంట్లో చేరి ఒంటినీరు పారే సన్నని నాళాలను ఏళ్ల తరబడి పాడు చేస్తుంది. పూడిపోయిన కాలువలో నీరు నిలిచినట్టు కాలిలో నీరు నిలుస్తుంది. అలా నీరు నిలిచిన కాలికి సూక్ష్మక్రిములతో పోరాడే శక్తి తగ్గుతుంది. ఆ క్రిములు లోపలికి పోయే దారి వేళ్ల సందుల చిట్లు, మడమ పగుళ్లు, ముల్లు గుచ్చుకున్న చోటు. జ్వరం తెచ్చేది చాలాసార్లు ఈ క్రిములే. జ్వరం వచ్చిన ప్రతిసారీ నాళాలు మరింత చెడతాయి, కాలు మరింత పెరుగుతుంది.

కాబట్టి ఆ దారి మూస్తే జ్వరం తగ్గుతుంది. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో గెరూజా డ్రేయర్ అనే డాక్టరమ్మ 1990లలో బీద రోగులకు ఇదే నేర్పింది. సబ్బు, నీళ్లు, పొడిగుడ్డ. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదీ ఇదే.

మడిలోంచి వచ్చాక కాలువ నీళ్లతో కాక బోరు నీళ్లతో, మామూలు సబ్బుతో కాలు కడగాలి. మడతల్లో, వేళ్ల సందుల్లో వేలు పెట్టి మెల్లగా కడగాలి, పీచు పెట్టి తోమకూడదు. కడగడం మనవాళ్లు ఎలాగూ చేస్తారు, తుడవడమే చెయ్యరు. ప్రతి సందునా మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్దాలి. చిట్లిన చోట క్లోట్రిమజోల్ వంటి మందు రాయాలి. రాత్రి కాలి కింద దిండు పెట్టుకోవాలి. జ్వరం వస్తే కాపడం వద్దు, తడిగుడ్డ వెయ్యండి, కాలు ఎత్తి పెట్టి పడుకోండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్రిములకు మందు రాయించుకోండి. వరిబీజం ఉన్నవాళ్లు సిగ్గుపడి దాచుకుంటున్నారు, దానికి ఆపరేషను ఉంది. షుగరు ఉన్నవాళ్లు, పాదంలో స్పర్శ తగ్గినవాళ్లు ముల్లు దిగినా తెలియదు గనుక రోజూ అరికాలు ఎవరిచేతనైనా చూపించుకోవాలి. స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి, మందు ఉచితం.

మాత్రల మాట. ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏటా ఒకసారి అందరికీ మాత్రలు మింగించే కార్యక్రమం 2004లో మొదలైంది. 2007 నుంచి డీఈసీకి ఆల్బెండజోల్ కలిపారు. మన రెండు జిల్లాల్లోనూ పంచారు. తీసుకుని గూట్లో పెట్టినవాళ్లు ఎందరో మనకు తెలుసు. మింగాక కొందరికి తల తిరిగింది, జ్వరం కాసింది. ఒంట్లో పురుగు పిల్లలు చస్తున్నప్పుడు అలా అవుతుంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే సగం భయం పోయేది. మాత్రలు రోగం పాకకుండా ఆపుతాయి, వచ్చిన వాపును తియ్యవు. ఆ రెండోది కూడా ఎవరూ చెప్పలేదు, అందుకే ‘మింగినా కాలు తగ్గలేదు’ అని జనం విసిగిపోయారు.

ఇక ప్రభుత్వానికి ఒక మాట. రెండు కాళ్లకూ నాలుగో దశ బోద వచ్చినవారికి పింఛను ఇస్తున్నారు. ఇవ్వవలసిందే, ఎవరూ కాదనరు. కాని మొదటి దశలో ఉన్నవాడికి ఏమిస్తున్నారు? టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూతమందు ఉన్న సంచి బోదకాలు ఉన్నవారికి ఇవ్వాలని పథకంలోనే ఉంది. అది కాలు స్తంభంలా అయ్యాక కాదు, పాదం మీద వేలితో నొక్కితే గుంట పడే రోజుల్లోనే అందాలి. అదీ ఉభాలకు ముందు. విత్తనాలు, ఎరువులు ఏ నెలలో రావాలో మనం అడుగుతున్నట్టే ఇదీ అడగాలి. జ్యేష్ఠంలోనే ఆశా కార్యకర్తతో కూర్చుని ఊళ్లో నీరు దిగిన కాళ్లెన్నో రాయించండి, ఆ జాబితా తీసుకుని ఆరోగ్య కేంద్రానికి నలుగురూ కలిసి వెళ్లండి. మా మేనత్త పేరు మా ఊరి జాబితాలో మొదట రాయించాను. ఆమె వెంటనే పక్కింటి కోడలి పేరు చెప్పింది, ఆ పిల్లకు ఇంకా పాదమే ఉబ్బింది.